ఆలోచించని కెమెరా కావాలి: పాత పుస్తకాల స్కానింగ్ డైరీ

ఏప్రిల్ చివర: చేతిలో ఉన్న సరుకు

మా ఊరి గ్రంథాలయం వెనక గదిలో ఒక ఇనప బీరువా ఉంది. అందులో 1920 నుంచి 1950 మధ్య అచ్చయిన పుస్తకాలు ఉన్నాయి, దాదాపు అన్నీ క్రౌన్ 1/8, డెమ్మీ 1/8 సైజులే. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటికి మొదటి ఫారమే, అంటే మొదటి 16 పేజీల మడతే లేదు. కాగితం గోధుమరంగుకి తిరిగి, మూల పట్టుకుంటే అప్పడంలా విరిగి చేతిలోకి వస్తోంది. ఇంకో రెండు వానాకాలాలు గడిచేలోపు వీటికి డిజిటల్ కాపీలు తియ్యాలన్నది పని. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టి, కాపీరైట్ తీరిపోయిన వాటినే ముందుగా వేరు చేశాం.

ఇంట్లో ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఈ పనికి పనికిరాదు. పుస్తకాన్ని దాని మీద బోర్లా పరిచి నొక్కితే వెన్ను విరుగుతుంది, కుట్టు తెగుతుంది. పైగా ఒక్కో పేజీకి అర నిమిషం పడుతుంది. పుస్తకాన్ని సగమే, అంటే 90 డిగ్రీలు తెరిచి, వీ ఆకారంలో ఉన్న ఊయలలో కూర్చోబెట్టి, రెండు పక్కల నుంచి రెండు కెమెరాలతో తీసే పద్ధతి ఒకటి ఉంది. 2009లో డానియెల్ రీట్జ్ అనే ఆయన పారేసిన సామాన్లతో, చౌక కెమెరాలతో అలాంటి స్కానర్ కట్టి, ఎలా కట్టాలో అందరికీ చెప్పాడు. తర్వాత ఎంతోమంది దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నారు. మేమూ అదే దారిలో వెళ్తున్నాం.

కెమెరాలు: కెనాన్ పవర్‌షాట్ ఏ810, రెండు. 2012 నాటి మోడల్. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం, రెండూ కలిపి కొత్త స్కానర్ ధర కూడా కాలేదు. 16 మెగాపిక్సెళ్లు, అంటే 4608 × 3456. 5 రెట్ల జూమ్, రెండు పెన్సిల్ సెల్స్. మాన్యువల్ మోడ్ లేదు. ఫోకస్ చేత్తో పెట్టుకునే వీలు లేదు. రిమోట్ లేదు. ముడి ఫైలు, అంటే సెన్సర్ చూసింది చూసినట్టు ఏ సవరణా లేకుండా రాసే ఫైలు, ఇవ్వదు. ఇలాంటి చౌక మోడళ్ల లెన్స్‌లో వెలుగొచ్చే కన్నాన్ని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్ కూడా ఉండదు. వెలుగు ఎక్కువైతే అడ్డం పడే ఒక మసక గాజు, అదే ఎన్‌డీ ఫిల్టర్, ఉంటుంది, అంతే.

"ఫోన్‌తో తీస్తే అయిపోదా?" అని చూసినవాళ్లందరూ అడుగుతున్నారు. పది పేజీల కరపత్రమైతే ఫోనే తీసుకోండి, నేనూ అదే చేస్తాను. కానీ మూడొందల పేజీల పుస్తకానికి, నెలల తరబడి, మనుషులు మారుతూ చేసే పనికి కదలకుండా ఒకచోట బిగించి ఉండే కెమెరా కావాలి. ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపి, తనకు నచ్చినట్టు నునుపు చేసి ఇస్తుంది. పైగా మధ్యలో మోగుతుంది.

మే మొదటివారం: కెమెరా ఏం చేస్తోంది

ఏ మార్పూ చెయ్యకుండా, ఆటోలో, ఒకే పుస్తకం పేజీలు వరసగా తీసి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూశాను. ఒక పేజీ పసుపుగా ఉంది, తర్వాతది నీలంగా ఉంది. అధ్యాయం మొదలయ్యే పేజీలో పైన సగం ఖాళీ ఉంటుంది కదా, కెమెరా ఆ తెలుపు చూసి మొత్తం పేజీని మబ్బుగా చేసింది. చివరి పేజీలో నాలుగు లైన్లే ఉంటే, ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ తచ్చాడి, చివరకి మసకగా తీసి పెట్టింది.

ఒక్కో ఫోటో విడిగా చూస్తే ఏదీ మరీ చెడ్డది కాదు. కెమెరా ప్రతిసారీ కొత్తగా ఆలోచిస్తోంది, అదే తంటా. పెళ్లికో తీర్థానికో తీసుకెళ్లేవాడికి ఆ తెలివి కావాలి. మాకు అక్కర్లేదు. వెలుగు మారదు, దూరం మారదు, తీసే వస్తువు మారదు. కాబట్టి నిర్ణయాలన్నీ ఒకసారి మేమే తీసుకుని, కెమెరా నోరు మూయించాలి. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతోంది.

ఇంకో సంగతి, ఇది తెలుగు పుస్తకాలకే ప్రత్యేకం. ఇంగ్లిష్ పుస్తకం 200 డీపీఐలో, అంటే అంగుళానికి 200 పిక్సెళ్లతో తీసినా చదువుకోవచ్చు. తెలుగులో అలా కుదరదు. ‘ద’కీ ‘ధ’కీ తేడా అక్షరం కింద ఉండే చిన్న నిలువు గీత. ‘డ’కీ ‘ఢ’కీ, ‘చ’కీ ‘ఛ’కీ అంతే. ఈ పుస్తకాల్లో ఆ గీత అక్షరానికి అంటీ అంటనట్టు ఉంటుంది. భూతద్దం పెట్టి స్కేలుతో కొలిస్తే వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. 200 డీపీఐలో అది రెండు పిక్సెళ్లకి కాస్త పైన. కెమెరా లోపల నడిచే, ఫోటోలో గరుకు చుక్కలు తుడిచే నాయిస్ రిడక్షన్‌కి రెండు పిక్సెళ్ల బూడిదరంగు గీత అంటే దుమ్ముకింద లెక్క, తుడిచేస్తుంది. 450 డీపీఐలో అదే గీత ఐదు పిక్సెళ్లు దాటుతుంది, బతుకుతుంది. ‘వ’కీ ‘ప’కీ తేడా అయిన తలకట్టు దగ్గరి సందు కూడా ఇలాంటిదే. అరిగిపోయిన సీసం టైపుతో అచ్చు వేసిన చోట ఆ సందు ముందే సగం పూడి ఉంటుంది, కెమెరా మిగతా సగం పూడుస్తుంది.

డెమ్మీ పేజీ ఎత్తు 8.5 అంగుళాలు. చుట్టూ కాస్త ఖాళీ వదిలి 10 అంగుళాలు ఫ్రేములో పట్టిస్తే 4608 పిక్సెళ్లకి 460 డీపీఐ వస్తుంది. కాగితం మీద సరిపోయింది. లెన్స్ అంత వివరం ఇవ్వగలదా అన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మే రెండోవారం: సీహెచ్‌డీకే

కెనాన్ కాంపాక్ట్ కెమెరాలే వెతికి కొనడానికి కారణం ఈ సాఫ్ట్‌వేర్. సీహెచ్‌డీకే అనేది ఆ కంపెనీ చేసింది కాదు, ఔత్సాహికులు 2007 ప్రాంతాల నుంచి రాస్తూ వస్తున్నది, ఉచితం. కెమెరాలో శాశ్వతంగా దేన్నీ మార్చదు. మెమరీ కార్డు మీద కూర్చుంటుంది. కార్డు పక్కనుండే చిన్న లాక్ బుడిపెను లాక్ వైపు జరిపి కెమెరా ఆన్ చేస్తే, కార్డు మీదున్న బూట్ ఫైలును కెమెరా తీసుకుని నడుపుతుంది. లాక్ చేసిన కార్డు మీద ఫోటోలు ఎలా పడతాయని అనుమానం వస్తుంది. సీహెచ్‌డీకే ఆ లాక్‌ను పట్టించుకోదు, మామూలుగానే రాస్తుంది. బుడిపె వెనక్కి జరిపి ఆన్ చేస్తే మళ్లీ మామూలు కెమెరానే.

కెమెరా మోడల్ ఒకటే అయినా లోపలి ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే సొంత సాఫ్ట్‌వేర్) వెర్షన్ వేరుగా ఉండొచ్చు, ఒక్కో వెర్షన్‌కి ఒక్కో సీహెచ్‌డీకే ఉంటుంది. మా రెండు కెమెరాలవీ వేర్వేరు వెర్షన్లు. ఫోటో ఫైలును ఒక చిన్న ప్రోగ్రామ్‌లో వేస్తే అది వెర్షన్ చదివి చెబుతుంది. కార్డుల మీద పెద్ద అక్షరాలతో ‘ఎడమ’, ‘కుడి’ అని స్టిక్కర్లు వేశాను. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పెడితే కెమెరా ఆన్ అవ్వకుండా నిలబడిపోతుంది. పాడవ్వదు కానీ పక్కనున్న వాళ్లకి టెన్షన్.

ఏం దొరికిందంటే: షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలన్న అంకె), ఫోకస్ దూరం, జూమ్ మెట్టు, ఎన్‌డీ ఫిల్టర్ లోపలా బయటా అన్నవన్నీ స్క్రిప్టుతో మనమే చెప్పొచ్చు. ముడి ఫైలును డీఎన్‌జీగా రాసుకోవచ్చు. స్క్రిప్టు లువా భాషలో రాశాను, చాలా చిన్నది. షట్టర్ స్పీడును మాత్రం సెకన్లలో చెబితే వినదు. సెకనును ఎన్నో వంతో దానికి 2 ఆధారంగా లాగరిథమ్ తీసి 96తో హెచ్చవేసి ఇవ్వాలి. 1/25కి 446, 1/50కి 542. ఈ రెండూ గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

డీఎన్‌జీ గురించి మొదట ఆశపడ్డాం. 16 మెగాపిక్సెళ్లు, ఒక్కోదానికి 12 బిట్లు, అంటే ఫోటోకి 24 ఎంబీ. కార్డు మీద రాసేదాకా కెమెరా కదలదు, పేజీ తిప్పిన మనిషి చేతులు కట్టుకుని నిలబడాలి. మామూలు పేజీలకి జేపెగ్ చాలనుకున్నాం. ఐఎస్ఓ 100 దగ్గర కట్టేస్తే నాయిస్ తక్కువ కాబట్టి నాయిస్ రిడక్షన్ దూకుడూ తగ్గింది, ‘ధ’ గీత నిలబడింది. సిరా వెలిసిపోయిన పేజీలకీ, ఫోటోలున్న ప్లేట్లకీ మాత్రం డీఎన్‌జీ.

మే మూడోవారం: చట్రం

ఊయల చేసింది మా వడ్రంగి బాబాయి. కాగితం మీద గీసిన బొమ్మ చూపిస్తే, "ఇది పుస్తకాల పీటకి రెక్కలొచ్చినట్టుంది అబ్బాయ్" అని నవ్వి, మూలమట్టం తీసుకుని పనిలో దిగాడు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. వీ ఆకారంలో రెండు పలకలు, మధ్యలో పుస్తకం వెన్ను కూర్చోవడానికి సందు. మొత్తం ఊయల డ్రాయర్లకి వేసే టెలిస్కోపిక్ చానెల్స్ మీద అటూ ఇటూ జరుగుతుంది. ఎందుకంటే పేజీలు తిప్పుతున్నకొద్దీ ఎడమ దొంతర పెరుగుతుంది, కుడిది తరుగుతుంది, పుస్తకం మధ్యభాగం జరుగుతూ ఉంటుంది. ఊయల జరిగితే మధ్య ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

పైనుంచి అదే 90 డిగ్రీల్లో అతికించిన రెండు గాజు పలకలు దిగుతాయి, పేజీని నున్నగా పరుస్తాయి. 4 మిల్లీమీటర్ల గాజు. రెండు పలకలూ కలిసే అంచును 45 డిగ్రీలకి సానపట్టించాలి, లేకపోతే వెన్ను దగ్గరి అక్షరాల మీద గాజు మందం పడి మెరుస్తుంది. ఈ సాన పట్టడానికి ఊళ్లో అద్దాలు కోసే వాళ్లెవరూ ఒప్పుకోలేదు, తెనాలి వెళ్లి చేయించుకొచ్చాం. గాజు బరువుకి సరిపడా అవతలి వైపు ఇసక నింపిన నీళ్ల సీసా వేలాడుతోంది. అందంగా లేదు, పనిచేస్తోంది.

కెమెరాలు రెండూ పేజీకి నిటారుగా చూడాలి. కాస్త వాలినా పేజీ పైన సన్నగా, కింద వెడల్పుగా వస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తే పదును పోతుంది. రసమట్టం 45 డిగ్రీల వాలులో పెద్దగా సాయం చెయ్యదు. ఒక మంచి ఉపాయం ఉంది: పేజీ ఉండాల్సిన చోట గాజుకి ఆనించి చిన్న ముఖం చూసుకునే అద్దం పెట్టి, కెమెరా స్క్రీన్ మీద చూడాలి. లెన్స్ తన ప్రతిబింబాన్ని సరిగ్గా ఫ్రేము నడిమధ్యలో చూసుకుంటే నిటారుగా ఉన్నట్టు. కెమెరా కింద అట్టముక్కలు దూరుస్తూ, తీస్తూ, అది మధ్యకి వచ్చేదాకా సర్దాం. దీనికంటే కచ్చితమైనది ఖరీదు పెట్టినా దొరకదు.

జూమ్ ఎంతలో పెట్టాలన్నది దీంతో ముడిపడిన విషయం. పూర్తి వైడ్‌లో పెడితే కెమెరా పేజీకి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, పేజీ అంచులు పొట్టలా ఉబ్బుతాయి. జూమ్ పెంచి 10 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ దగ్గర పెడితే దూరం 42 సెంటీమీటర్లకి వస్తుంది, అంచులు దాదాపు తిన్నగా వస్తాయి. ఇంకా పెంచితే లెన్స్ లోపలి కన్నం ఇరుకై వెలుగు తగ్గుతుంది. అందుకని అక్కడ ఆపాం.

మే చివర: వెలుతురు

పైకప్పు నుంచి రెండు ఎల్‌ఈడీ బల్బులు, సరిగ్గా వీ మధ్యభాగానికి పైన. అలా ఉంటే వెలుగు ఒక గాజు మీద పడి పక్కకి, రెండో గాజు మీద పడి తిరిగి పైకే పోతుంది. 45 డిగ్రీల్లో ఉన్న కెమెరా కంట్లో పడదు. కాగితం మీద గీసుకుని చూస్తే వెంటనే తెలిసిపోతుంది. కెమెరా బాడీలు వెండిరంగువి కాబట్టి వాటి ప్రతిబింబమే గాజులో తెల్లగా కనపడింది. నల్ల చార్టుకి లెన్స్ పట్టేంత కన్నం చేసి ముందు తగిలించాక పోయింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. షట్టర్, ఐఎస్ఓ, జూమ్ అన్నీ కట్టేసినా పేజీ పేజీకీ వెలుగు కొద్దిగా మారుతోంది. కెమెరా ఇంకా ఏదో దొంగచాటుగా నిర్ణయం తీసుకుంటోందేమో అని ఒక సాయంత్రమంతా స్క్రిప్టు తిరగేశాను. కారణం బల్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. కంటికి తెలీదు. షట్టర్ 1/30లో ఉంది, అంటే ఒక్కో ఫోటోలో మూడు మిణుకులూ, ఇంకో మిణుకులో మూడో వంతూ పడుతున్నాయి. ఆ మూడో వంతు వెలుగు భాగమా, మసక భాగమా అన్నది అదృష్టం మీద ఆధారపడి ఉంది. 1/25కి మారిస్తే సరిగ్గా నాలుగు మిణుకులు పడతాయి, మిగులు ఉండదు. తేడా పూర్తిగా పోయింది. కొనేముందు బల్బును పరీక్షించాలంటే ఫోన్ కెమెరాను దానికి బాగా దగ్గరగా పెట్టి చూడండి, స్క్రీన్ మీద గీతలు పరిగెడితే అది మిణుకుతున్నట్టే.

వైట్ బ్యాలెన్స్‌కి సీహెచ్‌డీకే అవసరం కూడా రాలేదు. కెమెరా మెనూలోనే కస్టమ్ ఉంది. తెల్ల కాగితం గాజు కింద పెట్టి ఒకసారి చూపించాం.

1/25 అంటే నెమ్మదైన షట్టర్. చట్రం బరువుగా ఉంది కాబట్టి ఊపు లేదు, కానీ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే పేజీ తిప్పేటప్పుడు కాగితం లేస్తోంది, చిరుగుతుందేమోనని భయం. ఫ్యాన్ ఆపేశాం. మే నెలలో, డెల్టా ఉక్కలో. పేజీ మీద చెమటచుక్క పడకుండా లైబ్రేరియన్ మేడం చేతులకి బేబీ పౌడర్ రాసుకోమన్నారు, తర్వాత ఆవిడే వద్దన్నారు, పౌడర్ పేజీలకి అంటుతోందని. ఇప్పుడు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే పని.

జూన్ మొదట్లో: ఫోకస్, ఆ చిన్న సెన్సర్ చేసిన మేలు

మాన్యువల్ ఫోకస్ లేని కెమెరాలో ముందు ఆటోఫోకస్‌ను లాక్ చేసి, ఆ తర్వాత దూరం చెప్పాలి. ఆ వరస తప్పితే కెమెరా మన మాట వినదు. పరీక్షకి బాగా చిరిగిన ఒక పంచాంగం తీసుకుని, దూరాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తీసి, ప్రతి ఫోటోలోనూ అవే రెండు మూడు ‘ధ’లను పెద్దవి చేసి చూశాం. రెండు కెమెరాలకీ ఒకే అంకె సరిపోలేదు. దేని అంకె దానికి స్క్రిప్టులో రాసి పెట్టాం.

పుస్తకాల మందం మారుతుంది, గాజు ఒక్కోసారి కాస్త పైనే ఆగుతుంది. అయినా ఫోకస్ చెదరలేదు. చిన్న సెన్సర్ వల్ల వచ్చిన లాభం ఇది. సెన్సర్ 6.17 × 4.55 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఈ దూరంలో, ఈ లెన్స్‌తో లెక్క వేస్తే నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతు దాకా అంతా పదునుగానే ఉంటుంది. ఇదే పని పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌తో చేస్తే ఆ లోతు కోసం కన్నం బాగా చిన్నది చేసి, వెలుతురు బోలెడు పెంచాల్సి వచ్చేది.

అదే చిన్న సెన్సర్ ఇంకోచోట వాత పెడుతుంది. ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.34 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). లెన్స్ కన్నం గుండా వచ్చిన వెలుగు చుక్క, కాంతి స్వభావం వల్లే, ఎఫ్/4.5 (కన్నం సైజును చెప్పే అంకె) దగ్గర దాదాపు 6 మైక్రాన్లకి పరుచుకుంటుంది. అంటే ఒక చుక్క నాలుగైదు పిక్సెళ్ల మీద పడుతుంది. 16 మెగాపిక్సెళ్లు అన్న మాట డబ్బా మీద ఉన్నంత నిజం ఫోటోలో లేదు. 460 డీపీఐ అని లెక్క వచ్చినా, గీతల చార్టు పెట్టి చూస్తే మంచి ఫ్లాట్‌బెడ్‌లో 300 డీపీఐకి దగ్గరగా అనిపించింది. ఆ 300 మాకు చాలు. 200 చాలదు. పెద్ద పిక్సెళ్లున్న 8 మెగాపిక్సెళ్ల పాత కెమెరా దొరికినా ఈ పనికి నేను వెనకాడను.

జూన్ రెండోవారం: మీట, కరెంటు

రెండు కెమెరాలూ ఒకేసారి క్లిక్‌మనాలి, చేతులు పేజీల మీదే ఉండాలి. సీహెచ్‌డీకేలో ఒక సదుపాయం ఉంది: కెమెరా యూఎస్‌బీ సాకెట్‌కి 5 వోల్టులు అందితే దాన్ని రిమోట్ మీటగా తీసుకుంటుంది. పాత ఫోన్ చార్జర్ ఒకటి, రెండు మినీ యూఎస్‌బీ కేబుళ్లు, మధ్యలో కాలింగ్ బెల్ స్విచ్. కేబుళ్లలో ఎర్ర తీగ, నల్ల తీగ మాత్రమే కలిపి, డేటా తీగలు రెండూ వదిలేశాం. అవి కలిపితే కెమెరా కంప్యూటర్ దొరికిందనుకుని మోడ్ మార్చేస్తుంది. స్విచ్ నొక్కితే సిద్ధమవుతుంది, వదిలితే తీస్తుంది. స్విచ్‌ను చెక్కముక్క మీద బిగించి కాలికింద పెట్టాం. డిగ్రీ చదివే కుర్రాళ్లు ఇద్దరు వస్తున్నారు, వాళ్లకి ఇది తెగ నచ్చింది. "అన్నా, కుట్టుమిషన్ తొక్కినట్టే ఉంది" అన్నాడు ఒకడు.

పెన్సిల్ సెల్స్‌తో గొడవ ఏంటంటే, రీచార్జి సెల్ మామూలుగా ఇచ్చేది 1.2 వోల్టులే, కెమెరా 1.5 ఆశిస్తుంది. సెల్‌లో ఇంకా సగం ఉండగానే బ్యాటరీ మార్చమని లెన్స్ లోపలికి లాగేసుకుంటుంది. లెన్స్ లోపలికి పోతే జూమ్, ఫోకస్ అన్నీ మళ్లీ మొదటికి. అందుకని సెల్ సైజులో చెక్క గుండ్లు రెండు చేయించి, చివర్లకి ఇత్తడి స్క్రూలు బిగించి, వాటికి తీగలు సోల్డర్ చేశాం. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ నుంచి స్టెప్‌డౌన్ మాడ్యూల్ ద్వారా 3.1 వోల్టులు వస్తాయి, కెమెరాకి ఒకటి చొప్పున రెండు మాడ్యూళ్లు. కెమెరా ఆన్ అయ్యేటప్పుడు లెన్స్ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, 2 ఆంపియర్లు ఇవ్వగలిగే మాడ్యూల్ ఉండాలి. మల్టీమీటర్‌తో వోల్టేజీ, ప్లస్ మైనస్ చూసుకోకుండా మాత్రం కెమెరాకి తగిలించకండి. ఇప్పుడు కరెంటు పోయినా బల్బులు ఆరతాయే తప్ప కెమెరాలు మేలుకునే ఉంటాయి, సెట్టింగులు చెదరవు.

జూన్ చివర: మొదటి పుస్తకం పూర్తిగా

ఊయల నడక పట్టుబడ్డాక వేగం మా ఊహకంటే బాగుంది. ఒకరు గాజు ఎత్తుతారు, ఒకరు పేజీ తిప్పుతారు, గాజు దిగుతుంది, కాలు నొక్కుతుంది. నిమిషానికి ఎనిమిది, పది పేజీలు సులువుగా వస్తున్నాయి. తొందరపడాల్సిన పనేం లేదు, ఈ కాగితానికి నెమ్మదే మంచిది.

ఎడమ కెమెరాలో కుడి పేజీలు, కుడి కెమెరాలో ఎడమ పేజీలు పడతాయి. తర్వాత ఒక చిన్న ప్రోగ్రామ్ రెండు ఫోల్డర్లనూ ఒకటి విడిచి ఒకటి కలిపి వరస పేర్లు పెడుతుంది. ఒక కెమెరా ఒక్క క్లిక్ మిస్సయితే అక్కడి నుంచి పుస్తకం చివరిదాకా జతలు తప్పిపోతాయి. అందుకని ప్రతి ఫారం మొదట్లో, అంటే 16 పేజీలకోసారి, రంగు చీటీ ఒకటి పేజీల మధ్య పెట్టి తీస్తున్నాం. రెండు ఫోల్డర్లలోనూ చీటీలు ఒకే స్థానంలో ఉండాలి. లేకపోతే ఆ 16 పేజీలే మళ్లీ తీస్తే చాలు.

కెమెరా ఫోటోకి నిజమైన డీపీఐ అంటూ ఉండదు. కెనాన్ ఫైలు లోపల 180 అని రాసి పెడుతుంది, దానికి అర్థం లేదు. స్కాన్ పేజీలను సరిచేసే స్కాన్‌టైలర్ అనే ప్రోగ్రామ్‌లో వేస్తే అది నమ్మక, సరైన అంకె చెప్పమంటుంది. పేజీ మీద స్టీలు స్కేలు పెట్టి ఒక ఫోటో తీసి, 5 అంగుళాలకి ఎన్ని పిక్సెళ్లో చూసి భాగించాం. ఎడమది 452, కుడిది 447. జూమ్ ఒకే మెట్టులో ఉన్నా లెన్స్‌లు కవలలు కావు. ఈ అంకెలు విడివిడిగా ఇవ్వకపోతే పుస్తకంలో బేసి పేజీలు సరి పేజీల కంటే ఒక పిసరు పెద్దవిగా వస్తాయి.

స్కాన్‌టైలర్ వాలు సరిచేస్తుంది, అంచులు కత్తిరిస్తుంది, నలుపు తెలుపులోకి మారుస్తుంది. అందులో మచ్చలు తుడిచే మీట ఒకటుంది. దాన్ని అస్సలు పెంచకండి. వెనక పేజీ సిరా చుక్కలతో పాటు ‘ధ’ కింది గీతలూ, వాక్యం చివరి చుక్కలూ పోతాయి. పేజీ మచ్చలతో ఉన్నా ఫర్వాలేదు, ‘విధి’ కాస్తా ‘విది’ అయితే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

అక్షరాలు గుర్తించడానికి టెసెరాక్ట్ తెలుగు వాడి చూశాం. కొత్త అచ్చులో బాగానే చదువుతుంది. ఈ పాత టైపులో అరసున్నలు, బండి ఱలు, అక్షరం మీద అక్షరం ఎక్కిన వత్తులు వచ్చేసరికి తడబడుతోంది. ప్రస్తుతానికి వెతుక్కోవడానికి పనికొచ్చేలా పీడీఎఫ్ వెనక దాచి పెడుతున్నాం, చదవడానికి మాత్రం బొమ్మే.

జూలై: ఇంకా లొంగనివి

రీబైండింగ్ చేసిన పుస్తకాలు. ఎప్పుడో ఎవరో కత్తిరించి, పక్క కుట్టు వేసి గట్టిగా బిగించారు. 90 డిగ్రీలు కూడా తెరుచుకోవు, లోపలి మార్జిన్ వేలు దూరనంత ఇరుకు. లైన్ చివరి అక్షరం గాజు అతుకు కిందకి పోతోంది. కుట్టు విప్పుదామా అన్నది చర్చకొచ్చింది. లైబ్రేరియన్ మేడం, "విప్పినవాళ్లు మళ్లీ కుట్టరు బాబూ, నేను చూశాను" అన్నారు. ఆ మాట నిజం కాబట్టి వాటిని విడిగా పెట్టాం. గాజు లేకుండా, పేజీని సన్నటి వెదురు బద్దతో పట్టుకుని, ఒక్క కెమెరాతో ఒక్కో పక్కా తీసి చూస్తున్నాం. పేజీ వంపు తిరిగి వస్తోంది, స్కాన్‌టైలర్‌లో వంపు తీసే పద్ధతి ఉంది కానీ ప్రతి పేజీకీ చేత్తో గీతలు సర్దాలి.

మెరిసే ఆర్ట్ పేపర్ మీద వేసిన ఫోటో ప్లేట్లు ఇంకో తలనొప్పి. అచ్చు చుక్కల జాలీ, కెమెరా పిక్సెళ్ల జాలీ కలిసి అలలు అలలుగా వస్తున్నాయి. డీఎన్‌జీలో కొంచెం నయం. జూమ్ ఒక మెట్టు అటో ఇటో మారిస్తే అలలు తగ్గుతున్నాయి కానీ అప్పుడు ఫోకస్ అంకె కూడా మారుతుంది. ప్లేట్ల కోసం వేరే స్క్రిప్టు రాస్తున్నాను.

కుడి కెమెరా లెన్స్ బయటికొచ్చేటప్పుడు కిర్రుమంటోంది. రోజుకి ఒక్కసారే ఆన్ చేస్తున్నాం కాబట్టి ఇంకొన్నాళ్లు లాగుతుంది. ఇంకో ఏ810 కోసం పాత సామాన్ల అంగళ్లలో అడిగి పెట్టాను. దొరికితే దాని ఫర్మ్‌వేర్ వెర్షన్ చూసి కార్డు తయారు చెయ్యాలి, అద్దం పెట్టి మళ్లీ మధ్యకి తేవాలి, స్కేలు పెట్టి డీపీఐ కొలవాలి. ఈ మూడు పనులూ వరసగా రాసిన కాగితం ఊయల పక్కన చెక్కకి అంటించాం, నేను లేనప్పుడు కుర్రాళ్లు చేసుకోగలిగేలా.